ఆఖరి పేజీలు లేని నవల

“టీవీ గూడ లేని రోజులల్ల చలికాలం రాత్రిళ్లు ఎట్ల గడిపేటోళ్లు, అమ్మమ్మా?”

నవలలు చదివేటోళ్లం బిడ్డా. కాదు, గట్లంటె తప్పయితది. నేను చదివేదాన్ని, మా అత్తమ్మ వినేది. అత్తమ్మ అంటే మీ తాతయ్య తల్లి. ఆమెకు కండ్లల్ల శుక్లాలు ముసిరి అక్షరం కనపడకపోయేది.

అప్పుడు నాంపల్లిల కిరాయికుంటిమి. స్టేషన్ దిక్కు గల్లీల ఒక దుకాణంల నవలలు కిరాయికిచ్చేటోళ్లు. రోజుకు పది పైసలో, పదిహేనో. రాసిపెట్టుకోలే, అందుకని ఖాయంగ చెప్పను. మీ తాతయ్యకు రాత్రి డ్యూటీ. తిన్నంక ఇద్దరం కుంపటి నడుమ పెట్టుకొని, పొగ పోయెటందుకు కిటికీ ఒక రెక్క తెరిచి, ఒకటే శాలువ ఇద్దరి కాళ్ల మీద కప్పుకొని కూసుందుము. ఉడకబెట్టిన పల్లికాయ ఉంటుండె. అది ఒలుచుకుంట ఆమె వినేది.

నాకొక గుణముండె. బడిల చరిత్ర చెప్పేదాన్ని గదా, తప్పు కనపడితె ఆగకుండ ముందుకు పోలేను. ఒక నవలల కాకతీయుల నాటి వంటింట్ల మిరపకాయలు దంచుతున్నరు. మిరప సముద్రం దాటి వచ్చిన పంట, అప్పటికింక మన దేశం మొఖం చూడలేదని నేను మొదలుపెట్టిన. ఆమె ఎంతసేపని వింటది? “వాళ్లను జర తిననియ్యవే,” అన్నది.

ఏం చెప్తున్న... ఆఁ, అత్తమ్మ కండ్ల సంగతి. ఒక డిసెంబర్ల ఆమెకు కంటి ఆపరేషన్ సోమవారమని దవాఖానల చెప్పిన్రు. దానికి వారం ముందు, ఆదివారం, అబిడ్స్ ఫుట్‌పాత్ మీద ఒక పాత నవల కొన్న. ఎన్నడైనా మొదటి పేజీ, చివరి పేజీ చూసి కొనేదాన్ని. ఆ పొద్దు బేరంల పడి చూడలే. అండ్ల ఒక వితంతువు. ఒంటిగ మెస్సు నడుపుకుంట బతుకుతది. చుట్టాలొచ్చి మెస్సు మూసెయ్యి, మా ఇంట్ల ఒక మూలకు పడి ఉండుమంటరు. పోతదా, ఉంటదా? మా అత్తమ్మ గూడ చిన్నతనంల మొగడు పోతె, మిషన్ కుట్టుకుంట కొడుకును సాదిన మనిషి. ఆమెకది కథ లెక్క లేకుండె.

“సోమవారం లోపల ఆమె సంగతి తేల్చు బిడ్డా,” అన్నది. “కండ్లు వస్తయో రావో. అది తెల్వకుండ నేను ఆ బల్ల మీద పండుకోను.”

శనివారం చూస్తె చివరి పేజీలు లెవ్వు. ఆదివారం పొద్దంత అబిడ్స్‌ల కుప్పకుప్ప వెతికిన. ఇంకో ప్రతి దొరకలే. ఆధారం లేనిది ఒక్క మాట చెప్పొద్దని పిల్లలకు పాఠం చెప్పేదాన్ని, ఆ రాత్రి ఖాళీ అట్టను చూసుకుంట ముగింపు అల్లిన. చుట్టాలు ఉత్త చేతులతోని పోయిన్రు. తెల్లారంగ ఆమె పొయ్యి ముట్టిచ్చి, ఎసరు పెట్టింది.

అత్తమ్మ చెయ్యి చాపి పుస్తకాన్ని తడిమింది.

“ఇయ్యాల నీకు ఒక్క తప్పు గూడ దొరకలేదేంది? ఇది నీదేనా?”

“ఔ అత్తమ్మా. ఆఖరి పేజీలు లెవ్వు.”

“ఆమెను ఆడనే ఉంచినవు గదా. మంచిగ చేసినవు,” అన్నది. తెల్లారి ఫికర్ లేకుండ దవాఖానకు వచ్చింది.

చూపు వచ్చింది. దళసరి అద్దాలు పెట్టుకొని తానే చదువుకునేది. రెండో చలికాలమో, మూడోదో, ఆ నవలే, పూర్తి ప్రతి, మల్ల అబిడ్స్‌లనే దొరికింది. ఎంత సంబురంగ తెచ్చి చేతుల పెట్టిన్నో. అటుఇటు తిప్పి చూసి, విప్పకుండనే నాకిచ్చేసింది.

“పొయ్యి ముట్టిచ్చుకున్న మనిషిని మల్ల ఎవరో వచ్చి లేపుతరేమో. నాకెందుకు?”

నేను గూడ విప్పలే. ఆధారం చేతుల పెట్టుకొని చూడకపోవుడు నా చదువు లెక్కన తప్పే. తెలిసే చేసిన. అత్తమ్మ పోయి గూడ ఇన్నేండ్లాయె... చూద్దామనిపిస్తది, బీరువ దాక పోత, మల్ల వచ్చి కూసుంట.

ఔ, కింది అరల ఉన్నది. నువ్వు చదువు, నీ వయసుకు తెలుసుకోవాలె. నాకు మాత్రం చెప్పకు. లైటు దగ్గరికి జరుగు బిడ్డా, చీకట్ల చదవకు. నీ కండ్లు సల్లగుండాలె.