అత్త పాట మీద నా డబుల్

"గోగుపువ్వా, గోగుపువ్వా, గట్టు మీద ఎవులున్నారు... మా అత్త వొస్తంది, తలుపు తియ్యి..." ఆ తర్వాతేటో మర్చిపోనాను. చిన్నప్పుడు ఆడుకుంటా పాడీవోలం.

ఏటడిగావమ్మా? ఫోన్లో పేకాటలో 'డబుల్' అంటే ఏటనా? ఓలమ్మ, నన్నా అడుగుతున్నావు!

ఇటు సూడు. నలుగురాడతారు, ఎదురూ బొదురూ కూకున్నోలు జత. ముక్కలు సూసుకోని, మేం ఇన్ని పాయింట్లు తెస్తామని పాడతారు. పాడినన్ని రాకపోతే ఓడినట్టు. అవతలోలు 'డబుల్' అన్నారనుకో, నీవల్ల కాదు, కాదని నా పందెం అన్నట్టు. అప్పుడు గెలుపైనా ఓటమైనా రెండింతలు.

అక్కడ బెంగాల్లో, గార్డెన్ రీచ్‌లో మా కోటర్సు మేడ మీద, మేడ కాదు, మెట్ల కాడ వరండాలో, మద్దేనం ఆడీవోలం. పేకకట్ట రూపాయో ఏటో అప్పుడు. మా అత్తకి పక్కింటి పిన్ని జత. నాకు పైనింటి బెంగాలీ బౌదీ, వొదినని అలాగంటారు. అత్త సేతిలో ఏటీ నేకపోయినా ఇరవై రెండు, ఇరవై మూడు పాడీసీది. ఎందుకంటే నేను డబుల్ అనను కదా! అత్తని మొహమ్మీద నీవల్ల కాదని ఏ కోడలంటాది, నువ్వే సెప్పు? ఈ ఆటలో గులామే పెద్దముక్క; అలాటి గులాములు సేతిలో ఎట్టుకోని 'పాస్' అనీదాన్ని. బౌదీ నెత్తి కొట్టుకునీది.

అప్పుడే మా సందులో ఆడోలకి సాయంత్రం తెలుగు బడెట్టారు. నాకా అచ్చరమ్ముక్క రాదు, ఎల్లాలని ఒకటే ఆశ. అడిగితే అత్త పకపకా నవ్వింది. "నా పాట మీద డబులని గెలు, పంపుతాను" అంది. అనలేనని ఆవిడ దైర్యం.

ఓ మద్దేనం ఇరవై రెండు పాడింది. నా సేతిలో రెండు గులాములు. కొంగు నోటికడ్డమెట్టుకోని "డబుల్" అన్నాను.

"ఏటన్నావే?"

"డబులత్తా."

పిన్ని కిల్లీ నమలడం ఆపీసింది. బౌదీ "షాబాష్!" అని అరిసింది. ఆడేం. అత్తకి ఒక్కటి తగ్గింది. ఒక్కటే! ముక్కలు కలిపీసి లేసింది. "రేపటి కాణ్ణించి సాయంత్రం ఎసరు నేనెడతాను. బడికెల్లు."

ఎట్టిందమ్మా, మాట తప్పనేదు. అన్నం రోజూ మెత్తబడిపోయీది, అది వేరే.

మరి కొన్నేళ్లకి అత్త సూపానక, ఊర్లో తమ్ముడింటికి ఎల్తానంది. టేసన్లో రైలెక్కించేం. అదే ఆకరి సూపు. ఆవిడున్నన్నాళ్లూ నేను ఏ నెలా ఉత్తరం తప్పనేదు. తప్పితే ఎలాగ? రైలు కదిలినాక, కిటికీ సువ్వల్లోంచి సెయ్యి బైటెట్టి, అందరూ ఇనేలాగ అరిసింది కదా:

"నెలకో ఉత్తరం నీ సేత్తో రాస్తావని పాడుతున్నానే! డబులంటావేటి?"