కెమెరా ముందు రొయ్యలు ఒలిచినవాడు

ఏంటర్రా, అందరూ ఆ గేటు వైపే గుడ్లప్పగించి చూస్తున్నారు? సైరన్ మోగకపోతే మోగలేదు, ఫ్యాక్టరీ ఎక్కడికీ పారిపోదు. మనల్ని పంపించేసి రొయ్యల్ని ఎవరు ఒలుస్తారట, మేనేజరు గారి బావమరిదా? కొత్త యంత్రం వచ్చిందట, లోపల బిగించేశారట... రానీ! నేనెవరో యంత్రాలకు తెలీదనుకున్నారా? తాతా, అందరికీ తలో టీ పొయ్యి, చెబుతా.

"పోసి ఎంతసేపయిందో చూడు మెరుపూ. ఒక్కరూ ముట్టుకోలేదు," అన్నాడు టీ కొట్టు తాత.

ముట్టుకోకపోతే మానె, వినండి. పోయిన చలికాలం మన హాల్లో నా బల్ల మీద కెమెరా పెట్టారా లేదా? అంతమంది ఒలిచేవాళ్లుంటే నా ఒక్కడి బల్ల మీదే ఎందుకు పెట్టారు? చెయ్యి అలాంటిది మరి! కోటు తొడుక్కొచ్చిన ఇంజినీరు, "బాబూ, నీ మామూలు వేగంతోనే కానివ్వు" అన్నాడు. మామూలు వేగమట! రోషం రాదూ? తల విరిచి, బొటనవేలితో పొట్ట కింద చీల్చి, చొక్కా విప్పినట్టు పెంకు లాగేసి, వీపు మీది నల్లపేగు తీసి అవతల పారేసేసరికి ఆయన తెరిచిన నోరు ఇంకా మూయలేదు.

"అంతవరకూ నిజమే," అంది తూకం దగ్గర పనిచేసే అక్క. "మేమందరం చప్పట్లు కూడా కొట్టాం."

కొట్టారుగా! ఆ తర్వాత ఏమైందో తెలుసా? వీడియో వేసి చూస్తే బల్ల ఉంది, ఐసు ఉంది, రొయ్యలున్నాయి, నా చేతులు మాత్రం లేవు! అంత వేగం! కెమెరా మార్చారు. రెండోదానికి అద్దం పగిలింది. మూడోది పొగలు కక్కింది. ఇంజినీరు నా రెండు చేతులూ పట్టుకుని, "అయ్యా, కాస్త నెమ్మదించండి, మా ఉద్యోగాలు ఊడతాయి" అని ఏడ్చాడు. పాపం, వాడూ జీతగాడే కదా అని దయతలిచాను.

"'బాబూ' కాస్తా 'అయ్యా' అయిందన్నమాట!" అని నవ్వబోయాడు ఐసు బండి బావ. గేటు దగ్గర ఏదో చప్పుడైంది. అతను నవ్వు ఆపేసి అటు తిరిగాడు.

ఏం లేదు బావా, వాచ్‌మన్ కుర్చీ జరుపుకున్నాడు. ఇటు చూడు నువ్వు. నెమ్మదిస్తే మాత్రం ఏమైంది? ట్రేలో మిగిలిన రొయ్యలు నా చెయ్యి చూసి సిగ్గుపడి, వాటంతటవే పెంకులు విప్పేసుకుని వరసగా పడుకున్నాయి. ఆ సంగతి సముద్రం దాకా పాకింది. మర్నాడు వలల్లో పడ్డవన్నీ ఒలుచుకునే వచ్చాయి, సైజుల వారీగా! పడవలవాళ్లు తెల్లమొహాలు వేశారు.

"మరి మర్నాడు కూడా మనం ఒలుస్తూనే ఉన్నాంగా తమ్ముడూ?" అంది అక్క.

అదే చెబుతున్నా అక్కా! మీ పనులు పోతాయని నేనే ఒడ్డుకెళ్లి, "ఒసేయ్, తొడుక్కోండే, మా వాళ్లు బతకాలి" అని ఒక్క గద్దింపు గద్దించాను. సముద్రం సముద్రమంతా పెంకులు తొడుక్కుంది! శ్రామికుడి గొంతంటే అదీ! చరిత్రను నడిపేది చేతులు, ఇనుము కాదు! అదిగో, హాలు కడిగే పిన్ని వస్తోంది. ఇవాళ లోపలికి పిలిచింది ఆమెనొక్కదాన్నేగా. పిన్నీ, ఆ యంత్రాన్ని చూశావా? నా పేరు చెబితే వణికిందా లేదా?

పిన్ని తడి చేతులు తుడుచుకుంటూ నిలబడింది. నవ్వలేదు.

"వణకలేదురా. అచ్చం నీలాగే ఒలుస్తోంది."

"ఎవరైనా అలాగే ఒలుస్తారు పిన్నీ. అందులో వింతేముంది?" అన్నాడు మెరుపు.

"చిన్నప్పుడు తలుపు సందులో పడి నీ చిటికెన వేలు వంగకుండా పోయింది కదా, దాన్ని పైకెత్తి ఒలుస్తావు. ఆ యంత్రానికీ ఐదు ఇనుప వేళ్లున్నాయి. చివరిది దేన్నీ పట్టుకోదు, ఊరికే పైకెత్తి ఉంచుతుంది. ఎందుకయ్యా అలా అని అడిగితే, 'ఏమో, నేర్పినవాడి చెయ్యి అలా ఉంది' అన్నాడు ఇంజినీరు."

అందరూ మెరుపు చెయ్యి వైపు చూశారు. అతను ఆ చేతిని జేబులోకి తోసుకున్నాడు.

"అలాంటివి లోపల ఎన్నున్నాయి పిన్నీ?" అని అడిగింది అక్క.

"హాలు నిండా."