ఒకటి పెట్టి చూడు

పీజీ కంప్యూటర్ సైన్సు విభాగంలో, కొత్తగా చేరినవాళ్ళకి పునాది లెక్కలూ ప్రోగ్రామింగూ చెప్పే మాస్టారి గది. ఎదుటి కుర్చీలో ఒక విద్యార్థిని తల్లి. ఆవిడ బడిలో లెక్కల టీచరు.

"ఆ రోజు పరీక్ష ఎన్నింటికి అయిపోయిందండీ?"

"పన్నెండున్నరకి. మంచినీళ్ళు తాగండి, టీచరుగారూ."

"తాగాను. పన్నెండున్నరకి పరీక్ష అయితే, ఐదున్నరకి బస్సు దిగి రోడ్డు దాటుతుంటే కదా... ఆ మధ్యలో మా అమ్మాయి ఎక్కడుంది?"

"ఇక్కడే. ల్యాబ్‌లో."

"ఎవరితో?"

"మామూలుగా నలుగురైదుగురు ఉంటారు."

"మామూలు రోజుల సంగతి కాదు సార్. ఆ రోజు."

"ఆ రోజు ఒక్కతే."

"తిందా?"

"చూడలేదండీ."

"తినే ఉంటుంది. మీ అటెండరు సామాన్లు ఇచ్చాడు. గొడుగు, నోటుపుస్తకాలు, డబ్బా. డబ్బా కడిగే ఉంది."

"మీరు మళ్ళీ బడికి వెళ్తున్నారా?"

"సోమవారం నుంచి. పిల్లలు అల్లరి చెయ్యట్లేదు. ఎవరో చెప్పినట్టున్నారు. పోన్లెండి. క్లాసులో ఎలా ఉండేది?"

"అందరూ తనని 'ఎందుకు' అని పిలిచేవాళ్ళు."

"ఎందుకు?"

"అదేనండీ. బోర్డు మీద ఒక వరస రాస్తే చాలు, వెనక బెంచీలోంచి 'ఎందుకు సార్?' అనేది. డిగ్రీలో చెట్ల గురించి చదివి వచ్చిన పిల్ల. లెక్కలు తట్టుకోలేదేమో అనుకున్నాను."

"ఇంట్లోనూ అంతే. 'ఎందుకూ లేదు, గిందుకూ లేదు, ముందు లెక్క చెయ్యి' అనేదాన్ని. ఆ పరీక్ష కాగితం ఇస్తారా?"

"అది ఆఫీసులో..."

"మీ మోచేతి కింద ఉన్నది కాదా? ఆ చేతిరాత నేను దిద్దించిందే."

"పాసయింది, టీచరుగారూ. మొదటి ప్రశ్నకి పదికి పది."

"ఇవ్వండి."

"ఇప్పుడెందుకండీ..."

"ఇవ్వండి సార్."

"ఇదిగోండి."

"'ఒక సంఖ్యని దానితోనే గుణించి, మళ్ళీ అదే సంఖ్య కలిపితే ఎప్పుడూ బేసి సంఖ్యే వస్తుంది. నిరూపించండి, లేదా తప్పని చూపించండి.' ఇదే. ముందు రోజు నేను బడిలో ఉండగా ఫోన్లో అడిగింది ఇదే."

"అభ్యాసానికి ఇచ్చినవాటిలోంచే పరీక్షకి తీశాను."

"'ఒక సంఖ్యకి బేసి వస్తే, దాని పక్క సంఖ్యకీ బేసే వస్తుంది. కొత్తగా కలిసేది ఎప్పుడూ సరిసంఖ్యే కాబట్టి.' ఇక్కడిదాకా బాగానే రాసింది. కింద, 'మొదటి మెట్టు తేలికే కాబట్టి వదిలేశాను.' ఈ మాట నాది."

"టీచరుగారూ..."

"నేను పిల్లల కాగితాలు దిద్దుకుంటున్నాను. ఫోను చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని. 'అమ్మా, ఒకటి పెట్టి చూడొద్దా?' అంది. 'ఒకటి దగ్గర ఏముంటుందే, అది చిన్నపిల్లల లెక్క, వదిలెయ్' అన్నాను. ముప్పై ఒక్కేళ్ళు లెక్కలు చెప్పిన నోటితో."

"ఎవరైనా..."

"ఒకటి పెట్టండి. ఒకటిని ఒకటితో గుణిస్తే ఒకటి. ఒకటి కలిపితే రెండు. రెండు బేసి సంఖ్యా, సార్?"

"కాదండీ."

"మరి పదికి పది ఎలా వేశారు? పోయిందని జాలిపడి వేశారా? మా బడిలో జాలి మార్కులు వెయ్యం."

"జాలిపడి వెయ్యలేదు."

"నాకు ఒక్కటి చెప్పండి, చాలు. ఆ తప్పు తెలిసి వెళ్ళిందా, తెలియక వెళ్ళిందా? ఏడుస్తూ రోడ్డు దాటిందేమోనని ఇరవై రోజులుగా... అదొక్కటి చెప్పండి."

"తెలిసే వెళ్ళింది."

"ఊఁ."

"ముందు వినండి. పరీక్షలో రెండో ప్రశ్నకి ప్రోగ్రాం రాయాలి. ఒకటి నుంచి వెయ్యి దాకా ఒక్కో సంఖ్యనీ పెట్టి చూసి, బేసి రానిది దొరికితే ఆగాలి. ఆరు వరసలు. కాగితం మీద సరిగ్గానే రాసింది. మధ్యాహ్నం దాన్ని ల్యాబ్‌లో నడిపితే ఒకటి దగ్గరే ఆగిపోయింది."

"ఆగుతుంది మరి."

"తను నమ్మలేదు. ప్రోగ్రాంలోనే ఏదో పొరపాటుందనుకుంది. మార్చింది, మళ్ళీ మార్చింది. మెషీన్‌లో చూశాను, పద్నాలుగు సార్లు."

"ఒకటీ ఒకటీ రెండని తెలీదా దానికి?"

"ఐదింటికి పావు తక్కువకి నా దగ్గరికొచ్చింది. 'సార్, మా అమ్మ లెక్క తప్పదు, మీ మెషీన్లే తప్పుతున్నాయి' అంది."

"నా లెక్క తప్పదందా?"

"మెషీన్ వదిలేసి కాగితం మీద ఒకటి పెట్టి చూడమన్నాను. పెట్టింది. రెండు అని రాసి, దాని వంకే చూస్తూ కూచుంది. ఆ తర్వాత నవ్వు. కడుపు పట్టుకుని నవ్వింది. 'చంకలో పిల్లని పెట్టుకుని ఊరంతా వెతికినట్టుంది సార్' అంది."

"ఆ సామెత నాదే. వాళ్ళ నాన్న కళ్ళజోడు వెతికినప్పుడల్లా అనేదాన్ని. నవ్విందా? నిజంగానే?"

"మెట్లు దిగేదాకా వినిపించింది."

"మరి ఈ పది?"

"ఈ కోర్సులో ఒక పద్ధతుంది. తప్పు తనే పట్టుకుని, ఎందుకు తప్పో వేరే కాగితం మీద సొంత చేత్తో రాసిస్తే పూర్తి మార్కులు. 'దిద్దుబాటు రేపు తెస్తాను, మార్కులు ఇప్పుడే వేసెయ్యండి సార్' అని బేరం పెట్టింది."

"దానికంత తొందరేం?"

"మీరు కాగితం చూపించమంటారట. ఆ తప్పు మీ కంటపడితే రాత్రంతా బాధపడుతూ కూచుంటారట. పది కనిపిస్తే లోపల చదవరంది. మీకు చెప్పొద్దంది. నేను చెప్పేశాను."

"చదవనని ఎలా అనుకుందో. మీ పద్ధతిలో దిద్దుబాటు తప్పు చేసినవాళ్ళే రాయాలి కదా?"

"అవునండీ."

"తెల్ల కాగితం ఒకటి ఇవ్వండి. పెన్ను ఉంది."

"టీచరుగారూ, ఇప్పుడు అదేం..."

"ఇవ్వండి బాబూ."

"ఇదిగోండి."

"ఉండండి, రాసుకోనివ్వండి."

"బెల్లు కొట్టారు, నాకు క్లాసుంది. మీరు కూచోండి. రాశారా?"

"పైన మా అమ్మాయి పేరు రాశాను."

"కింద?"

"కింద ఇంకా ఏమీ రాయలేదు."