దండ వేసిన కుర్చీ

కాజీపల్లి ఫ్యాక్టరీల వెనక ఓ ఊళ్లో గ్రామసభ. చెరువులోకి ఫ్యాక్టరీ పైపు వేయనివ్వాలా వద్దా అన్నదే మాట. ఆలస్యంగా వచ్చిన సర్పంచమ్మను మొగుడు గుమ్మంలోనే ఆపాడు.

“ఆగు. లోపల రోమ్ పద్ధతి నడుస్తున్నది.”

“ఏ రూమ్ల పద్ధతి?”

“రూమ్ కాదే, రోమ్! పాత రాజ్యం. గాడ చక్రవర్తి రాకుంటే ఆయన ఖాళీ కుర్చీకే పెద్దమనుషులు మొక్కిర్రట. డిగ్రీల చదివిన.”

“అందుకని నా కుర్చీకి దండేసినవా? శాలువా గూడ కప్పినవ్! నేనేమన్న సచ్చిన్నా?”

“గౌరవమే! పదవి నీది, పెదవి నాది. కుర్చీ పైపుకు సరేనన్నదని చెప్పిన.”

“నవ్వలేదా ఎవ్వరూ?”

“నువ్వు రాని మొదటి సభల నవ్విర్రు. రెండో సభల లేచి నిలబడ్డరు. ఇయ్యాల నేను నోరు తెరవకముందే దండం పెట్టిర్రు. నాకే జెర భయమైతున్నది.”

“ఇంతమంది ఉండి దగ్గు గూడ ఇనబడ్తలేదేంది?”

“కుర్చీ ఏమంటదోనని ఇంటున్నరు.”

“గా చక్రవర్తికి ఊరోళ్లు ఓట్లేసిర్రా?”

“గాయన ఎవ్వల్నడిగిండు?”

“నాకేసిర్రు. తప్పుకో.”

ఆమె లోపలికి వెళ్లి దండ తీసేసింది.

“ఇనుర్రి! కుర్చీ ఏమనలే, అన్నది నా మొగడు. సర్పంచ్‌ని నేను. చెరువుల పైపు వద్దంటున్న.”

జనం ఆమె వైపు చూడలేదు. ఆమె మాటకు ఒప్పుకుంటుందా లేదా అని, కుర్చీ వైపు చూశారు.