ఆస్కార్‌కి తోడు

పెంపుడు చేపలు అమ్మే దుకాణంలో, గాజు తొట్ల మధ్య నిలబడి ఒకావిడ దుకాణదారుతో మాట్లాడుతోంది.

“నా ఆస్కార్ చేపకి తోడుగా పెద్దది ఏదైనా చూపించు బాబూ. మెతకది వద్దు.”

“తొట్టి ఎంత పొడవు మేడమ్?”

“నాలుగడుగులు.”

“అయితే మూడడుగులు పెరిగే అరోవానా చేపకి చాలదు. సిల్వర్ డాలర్ చేపలు పెట్టండి, గొడవపడవు.”

“నుదురు ఉబ్బిన ఆ ఎర్రదో?”

“ఫ్లవర్‌హార్నా? అమ్మో, ఒక్క పూటలో మీ ఆస్కార్ రెక్కలు పీకిపెడుతుంది!”

“పీకితే పీకనీ.”

“అదేంటండీ! వేలెడంత ఉన్నప్పుడు మీరే కదా పట్టుకెళ్ళారు. చేతిలోంచి తింటోందని ఎంత మురిసిపోయేవారు!”

“ఇప్పుడు మా తోటికోడలి చేతిలోంచి తింటోంది. పెళ్ళయి వచ్చి ఏడాది కాలేదు, మా అత్తగారినీ నా పిల్లల్నీ బుట్టలో వేసుకుంది. పోనీలే అనుకున్నాను. చేపని కూడానా! నేను వెళ్ళి నిలబడితే తోక చూపిస్తుంది. ఆమె అడుగుల చప్పుడైతే చాలు, పైకి ఎగురుతుంది.”

“మేత నేనే వేస్తానని చెప్పకపోయారా?”

“ఏమని చెప్పను? దాన్ని ‘అక్కయ్య బంగారం, రామ్మా’ అని పిలుస్తుంది. వచ్చినవాళ్ళందరికీ ‘మా అక్కయ్య చేప’ అనే చూపిస్తుంది. పోట్లాడ్డానికి ఒక్క సందు ఇవ్వదు!”

“మరి ఫ్లవర్‌హార్న్ కట్టమంటారా?”

ఆవిడ ఆ ఎర్ర చేప వంక కాసేపు చూసింది.

“వద్దులే. పాపం, నా చేప ఏం చేసింది? ఆమె వేసేదానికంటే రుచైన మేత ఉంటే ఇవ్వు. ఆమెకి మాత్రం చెప్పకు, తనూ ఇక్కడికే వస్తుంది.”