కొంగ విమానంలో ఖాళీ సీటు

రండర్రా, ఆ గోడవార నిలబడ్డవాళ్లంతా ఇలా ముందుకి రండి. గవిరేసూ, ఆ గోళీలు జేబులో పెట్టి కూర్చో. చిన్నవాళ్లు ముందు, పొడుగోళ్లు వెనకాల. ఆఁ, సన్యాసినాయుడని ఒకడుండేవాడంట. ఎక్కడ? విశాఖపట్నంలో, విమానాలు దిగేచోట. ఏం పని? సామాన్లు ఎక్కించే పని. మనం బండికి గడ్డిమోపులు ఎక్కిస్తామే, అలాగ అతను విమానం కడుపులోకి పెట్టెలు ఎక్కించేవాడు. ఒక్కరోజు కాదు, రెండ్రోజులు కాదు, పందొమ్మిదేళ్లు. పెట్టె చేత్తో ఎత్తితే చాలు, ఇది పద్దెనిమిది కిలోలు, ఇది ఇరవైరెండున్నర అని చెప్పేసేవాడు, కాటా మీద పెడితే సరిగ్గా అంతే ఉండేదంట. లోపలేముందో కూడా చెప్పేవాడు అనుకో: ఇది ఆవకాయ, ఇదీ ఆవకాయే, ఇది మాత్రం మాగాయ అని. ఆ కంపెనీ పేరు మనకి నోరు తిరగదు గాని విమానం తోకమీద కొంగ బొమ్మ ఉండేదంట, కొంగ కంపెనీ అనుకుందాం. అన్నివేల పెట్టెల్ని విమానం ఎక్కించాడు గదా సన్యాసినాయుడు, తను మాత్రం ఒక్కసారి కూడా ఎక్కలేదంట. ఎందుకెక్కలేదంటే, అక్కడుంది కథంతా.

కొంగ కంపెనీలో పనిచేసేవాళ్లకి ఒక సదుపాయం ఉంది. విమానంలో సీటు ఖాళీగా మిగిలితే వీళ్లు ఊరికే ఎక్కి పోవచ్చు. దాన్ని స్టాండ్‌బై అంటారు. అంటే ఏమిటి? మన ఊళ్లో పెళ్లి భోజనాలప్పుడు వడ్డించేవాళ్లేం చేస్తారు? వచ్చినవాళ్లంతా కూర్చున్నాక ఆఖరి బంతిలో విస్తరి మిగిలితే కూర్చుంటారు. అదే ఇది. గేటు దగ్గర నిలబడాలి, డబ్బులిచ్చినవాళ్లంతా ఎక్కేదాకా చూడాలి, ఒక సీటు మిగిలిందనుకో, ఎక్కాలి. బాగానే ఉంది. మరి మిగిలింది ఒక్క సీటు, నిలబడ్డది ముగ్గురైతే? దానికి కంపెనీవాళ్లు ఒక సర్క్యులర్ తీశారు, ఉద్యోగంలో ముందు చేరినవాడు ముందు ఎక్కాలి అని. తర్వాత ఇంకో పెద్దమనిషి వచ్చి ఇంకో సర్క్యులర్ తీశాడు, పెద్ద హోదా వాళ్లు ముందెక్కాలి అని. ఆ తర్వాత ఇంకొకాయన వచ్చి, జాబితాలో ఎవరు ముందు పేరు రాయించుకుంటే వాళ్లే ముందు అని మూడోది తీశాడు. తీశారు సరే, పాతవాటిని పీకాలి కదా? పీకలేదు. మూడూ ఒకే బోర్డుమీద, ఒకదాని పక్కన ఒకటి, గుండుసూదులు గుచ్చి అలాగే ఉన్నాయంట. వాటి ముందు కామేశం అని గేటు దగ్గర మనిషి. తలుపు వేయించేదీ తెరిపించేదీ అతనే. ఎవర్నీ నొప్పించలేడు పాపం, ఏ గొడవొచ్చినా మొదటి కాగితం దగ్గర్నుంచి మూడూ పైకి చదువుతాడు, చదివి, ఏం చేద్దామంటారు అని వాళ్లనే అడుగుతాడు.

ఇలా ఉండగా ఏమైందంటే, సన్యాసినాయుడికి హైదరాబాదు అవతల ఉండే చెల్లెలు నూకాలు ఫోను చేసింది. అన్నయ్యా, బేస్తవారం మా చిన్నదానికి, లిఖితకి, చెవులు కుట్టిస్తున్నాం, మధ్యాహ్నం రెండింటికి వర్జ్యం వచ్చేస్తుంది, ఈలోపల నువ్వు ఉండాలి, అంది. మేనమామ ఒళ్లో కూర్చోబెట్టే కదర్రా చెవులు కుట్టేది. చూస్తానమ్మా అన్నాడు ఇతను. ఆ మాట వినగానే ఆవిడకి ఒళ్లు మండిపోయింది. “చూస్తానేటి చూస్తాను? పెద్దదాని చెవులు కుట్టినప్పుడూ ఇలాగే చూశావు. మా బావగారి ఒళ్లో కూర్చోబెట్టాం. నాలుగేళ్ల బట్టి మా అత్త దెప్పుతూనే ఉంది, మీ అన్న విమానాల్లో పనిచేస్తాడంట, నడిచొచ్చేవాళ్లు వచ్చారు గాని ఆయన రాలేదు అని. ఈసారి నువ్వు రాకపోతే నాకు అన్నున్నాడని ఇంక ఎవరికీ చెప్పుకోను” అని ఠకీమని పెట్టేసిందంట. సన్యాసినాయుడు ఫోను జేబులో పెట్టి తిన్నగా ఆఫీసుకి పోయాడు. సెలవడిగితే ఇచ్చింది రెండ్రోజులు, బేస్తవారం తెల్లారి డ్యూటీ దిగినప్పటినుంచి. రైలెక్కితే చేరేసరికి పొద్దుగూకిపోతుంది, పిల్ల చెవులు వేరేవాళ్ల ఒళ్లోనే కుట్టేస్తారు. విమానం టికెట్టు కొందామని ధర అడిగి, వచ్చినదారినే వెనక్కి వచ్చేశాడంట. ఇక మిగిలిందేమిటి? ఆఖరి బంతి.

బేస్తవారం ఆరింటి విమానానికి గేటు దగ్గర నిలబడ్డాడు. చేతిలో సంచి, సంచిలో పిల్లకి పట్టుపరికిణీ, చెల్లెలికి చీర, బావకి పంచె, ఒక బెల్లం అచ్చు. పక్కకి చూస్తే పురుషోత్తంగారు, టికెట్ల కౌంటరు మీద పెద్ద. హైదరాబాదులో ఆయన తోడల్లుడు కొత్త ఇల్లు కట్టుకున్నాడు, దానికి వంకలు పెట్టి రావడానికి వెళ్తున్నాడు. ఆ పక్కన సుకీర్తన మేడమ్, విమానంలో కాఫీలూ అవీ వడ్డించే మనిషి, స్నేహితురాలి పెళ్లికి పోతోంది, వెనకాల చక్రాల పెట్టె. అందరూ ఎక్కారు. కామేశం లోపలికి తొంగిచూసి వచ్చి, ఒక్క సీటుంది, అన్నాడు. అన్నాడో లేదో మొదలైంది చూడండి. నాది పందొమ్మిదేళ్ల సర్వీసు బాబూ, మొదటి కాగితం చూడండి, అన్నాడు సన్యాసినాయుడు. సర్వీసుదేముందయ్యా, రెండో కాగితంలో హోదా అని స్పష్టంగా రాసుంటేను, అన్నాడు పురుషోత్తం. ఈ అమ్మాయేమో ఫోను తీసి చూపించింది, నిన్న పొద్దున్నే పేరు రాయించుకున్నాను సార్, అప్పటికి మీరిద్దరూ నిద్రే లేవలేదు, అంది. కామేశం కళ్లజోడు పెట్టుకున్నాడు. మొదటి కాగితం చదివాడు. రెండో కాగితం చదివాడు. మూడోది సగంలో ఉండగా బయట ఝుయ్‌మని చప్పుడైంది. ఏమిటా అని చూస్తే విమానం పోతోంది. ఖాళీ సీటు ఖాళీగానే పోయింది. ఎవరూ కూర్చోకుండా అది దర్జాగా హైదరాబాదు చూసొచ్చిందంట.

సరే, ఎనిమిదింటికి ఇంకోటుంది. ఈసారి రెండు సీట్లు మిగిలాయి. అమ్మయ్య అనుకున్నాడు సన్యాసినాయుడు, ఇద్దరం పోవచ్చు. మరి ఆగిపోయే మూడోవాడెవడు? మొదటి కాగితం లెక్కన సుకీర్తన ఆగాలి, చిన్నపిల్ల, నిన్నగాక మొన్న చేరింది. రెండో కాగితం లెక్కన సన్యాసినాయుడు ఆగాలి. మూడోదాని లెక్కన పురుషోత్తం ఆగాలి, ఆయన అందరికంటే ఆఖర్న, గేటు దగ్గరికొచ్చాక రాయించుకున్నాడు. “అంకుల్, మీరు రేపైనా వెళ్లొచ్చు కదా, ఇల్లెక్కడికి పోతుంది?” అంది ఆ అమ్మాయి. “అంకుల్ ఎవరమ్మా నీకు? సార్ అను” అన్నాడు పురుషోత్తం. ఆ అంకులా సారా అన్నదాని మీద కాసేపు నడిచింది. మధ్యలో సన్యాసినాయుడు, బాబూ, అక్కడ నా మేనకోడలు చెవులు కుట్టించుకోడానికి కూర్చుందండి, అంటే, ఏ పిల్ల చెవులు ఎప్పుడు కుట్టాలో మా సర్క్యులర్లో లేదయ్యా, అన్నాడంట పురుషోత్తం. కామేశం కళ్లజోడు తుడుచుకుని చదవబోయాడు. చదివేదాకా ఆ విమానం ఆగుతుందా? రెండు సీట్లూ పక్కపక్కన కూర్చుని అవీ పోయాయి. సన్యాసినాయుడు గడియారం చూసుకున్నాడు. ఇంక పదిన్నరది ఒక్కటే ఉంది. అది దిగేసరికి పన్నెండు, దిగినచోటునుంచి చెల్లెలింటికి ఒక గంట. అది తప్పిపోతే మళ్లీ సాయంత్రమే. ఫోను మోగింది, నూకాలు. ఎత్తడానికి ధైర్యం చాల్లేదు అతనికి, జేబులో పెట్టుకుని అది మోగినంతసేపూ నిలబడ్డాడు.

పదిన్నర విమానం వచ్చింది. చిన్నది, రెక్కలకి రెండు పంకాలు తిరుగుతాయి చూడండి, ఆ రకం. కామేశం లోపలికెళ్లి పరిగెత్తుకుంటూ వచ్చాడు. మూడు సీట్లు! మూడూ ఖాళీ! ఇంక గొడవేముంది? ముగ్గురికి మూడు. పురుషోత్తం సన్యాసినాయుడి భుజమ్మీద చెయ్యి కూడా వేశాడంట, చూశావా, ఓపికుండాలి, అని. ఓపికెవరికుందో మీరే చెప్పండి. చెయ్యి తీసేలోపల, కిటికీ సీటు ఎవరిది అన్నాడు. హోదాని బట్టి నాదే అని తనే జవాబు చెప్పుకున్నాడు. నేను ముందు రాయించుకున్నాను అంది సుకీర్తన. ఈలోగా విమానం నడిపే కెప్టెను వచ్చాడు, చెమట్లు కారుకుంటూ. ఏమండీ, మూడు సీట్లున్న మాట నిజమే గాని ముగ్గురు కుదరదు, అన్నాడు. ఎందుకంటే ఎండ మండిపోతోంది. వేడిగాలి పలచబడుతుందని మనం పాఠంలో చెప్పుకున్నాం కదా, పలచటి గాలిలో రెక్కలకి పట్టు దొరకదు. అదీగాక కడుపునిండా మామిడిపళ్ల పెట్టెలు ఎక్కించేశారు. ఇంక అరవై కిలోలు ఎక్కించుకోగలను, అరవై అంటే అరవై, ఐదు నిమిషాల్లో తేల్చండి, అని వెళ్లిపోయాడు.

ముగ్గురూ కామేశాన్ని చూశారు. కామేశం బోర్డుని చూశాడు. కిలోల గురించి ఏ కాగితంలోనూ లేదు. హోదా ఉన్నవాళ్లు, అని పురుషోత్తం నోరు తెరిచాడు. కామేశం జేబులోంచి కళ్లజోడు తీస్తున్నాడు. ఐదు నిమిషాల్లో ఒక నిమిషం అక్కడే అయిపోయింది. అప్పుడు సన్యాసినాయుడు, ఎన్నడూ గొంతు పెంచనివాడు, ఒక్క కేక పెట్టాడంట. “కామేశంబాబూ, ఆ కళ్లజోడు లోపల పెట్టండి! పెట్టె వస్తే మనం ఏటి చేస్తాం? ఈ పెట్టె యజమాని హోదా ఏటి, ఎప్పుడు పుట్టాడు అని అడుగుతామా? కాటా మీద పెడతాం. మేమూ పెట్టెలమే అనుకోండి. ఎక్కించండి!” అని. పక్కనే కౌంటరు దగ్గర సామాన్లు తూచే కాటా ఉంది. కామేశానికి ప్రాణం లేచొచ్చింది, కాటా అయితే చదవక్కర్లేదు కదా, అంకె అదే చూపిస్తుంది. ముందు మీరు రండి సార్ అన్నాడు. పురుషోత్తం ఎక్కనన్నాడు, నాలుగు దిక్కులా ప్రయాణికులు చూస్తున్నారు మరి. సన్యాసినాయుడు ఆయన్ని ఒకసారి పైనుంచి కిందకి చూసి, బాబుగారు తొంభైమూడున్నర, ఎక్కక్కర్లేదులెండి, అన్నాడు. “ఏమిటయ్యా నీ లెక్క!” అని కోపంకొద్దీ ఎక్కాడాయన. తొంభైమూడున్నర. లైన్లో ఉన్న ఒక ముసలమ్మ చప్పట్లు కొట్టిందంట.

తర్వాత సుకీర్తన ఎక్కింది. యాభైరెండు. అయ్యో అనుకున్నాడు సన్యాసినాయుడు, అయిపోయింది, ఆడపిల్ల పోతుంది. పెట్టె కూడా పెట్టమ్మా అన్నాడు కామేశం. పెట్టెతో కలిపి డెబ్బైఒకటి. పెట్టె వదిలేసి రామ్మా, సాయంత్రం పంపిస్తాం, అన్నారు. ఆ అమ్మాయి పెట్టెని చూసుకుంది. అందులో ఏమున్నాయంటే, రాత్రి విందుకి కట్టుకోవలసినవి, దానికి సరిపడే గాజులు, దానికి సరిపడే చెప్పులు, ఆ చెప్పులు నప్పకపోతే వేసుకోవలసిన ఇంకో చెప్పులు. “ఈ ప్యాంటుతో పెళ్లికెళ్లమంటారా? నాకు పెట్టె లేకుండా కుదరదు” అని దిగిపోయింది. ఇక సన్యాసినాయుడు. సంచితో ఎక్కాడు, అరవైతొమ్మిది. సంచి కింద పెట్టాడు. పరికిణీ పోయింది, చీర పోయింది, బెల్లం పోయింది. అరవైరెండు. ఇంకా రెండు కిలోలు! అప్పుడు సుకీర్తనే అందంట, “నాయుడుగారూ, మీ కాళ్లు చూసుకోండి” అని. చూసుకుంటే కంపెనీ ఇచ్చిన బూట్లు! పెట్టెలు పడినా వేళ్లు నలక్కుండా ముందు ఇనప రేకుంటుంది వాటికి. గబగబా విప్పేశాడు. టార్చిలైటు తీసేశాడు, బెల్టు తీసేశాడు, తాళాలగుత్తి తీసేశాడు. ప్యాంటు ఒక చేత్తో పట్టుకుని, ఊపిరి బిగబట్టి, బిగబడితే బరువు తగ్గుతుందా ఏమిటి, మళ్లీ ఎక్కాడు. యాభైతొమ్మిదీ ముప్పావు. కామేశం జీవితంలో మొదటిసారి ఎవర్నీ అడక్కుండా, “వెళ్లవయ్యా!” అన్నాడు.

చెల్లెలింటి దగ్గర ఏమవుతోందంటే, కంసాలి తీగె పట్టుకుని కూర్చున్నాడు, నూకాలు వీధి గుమ్మంలోకీ లోపలికీ తిరుగుతోంది, ఆవిడ బావగార్లిద్దరేమో పిల్లని నేను కూర్చోబెట్టుకుంటానంటే నేను కూర్చోబెట్టుకుంటానని, పెద్దవాణ్ణి నేనంటే ముందొచ్చింది నేనని, అక్కడ కూడా అదే. ఒంటిగంటా నలభైకి ఆటో ఆగింది. ఒట్టిచేతులతో, ఒట్టికాళ్లతో, ఎండకి గెంతుకుంటూ, ప్యాంటు పైకి లాక్కుంటూ దిగాడు సన్యాసినాయుడు. “మేనమామ ఏమీ తేకుండా వచ్చాడేటే!” అంది అత్తగారు. నూకాలు లోపలికెళ్లి మొగుడి చెప్పులూ, మొలకి కట్టుకోడానికి ఒక తాడూ తెచ్చి అన్న ముందు పడేసింది, పడేసి అటు తిరిగి ముక్కు చీదుకుంది. పిల్లని ఒళ్లో కూర్చోబెట్టారు. కంసాలి అలా కుట్టాడో లేదో పిల్ల మేనమామ చెయ్యి పట్టుకుని కొరికిందంట, నాలుగు పళ్లూ దిగాయి. అతనేమో నవ్వుతూ కూర్చున్నాడు. సంచి సాయంత్రం విమానంలో వచ్చేసింది. పురుషోత్తమే పంపించాడు, తన పేరుమీద. పైన చీటీ కట్టి ‘సర్వీసు పందొమ్మిదేళ్లు, ముందు దించవలెను’ అని రాశాడంట. మరీ చెడ్డవాడేం కాదనుకో.

మర్నాడు తిరిగి రావాలి కదా. పొద్దున్నే విమానాల చోటికెళ్లాడు. గేటు దగ్గర కొంగ కంపెనీవాళ్లు ఏడుగురు నిలబడి ఉన్నారు. అక్కడి బోర్డుమీద ఎన్ని కాగితాలున్నాయో చూడబోయి, చూడకుండానే వెనక్కి తిరిగాడు. తిన్నగా స్టేషనుకెళ్లి రైలెక్కాడు, జనరల్ పెట్టె. బల్లమీద నలుగురు కూర్చోవాల్సిన చోట ఆరుగురున్నారు. కరివేపాకు బుట్టతో ఒకావిడ, మేకపిల్లని ఒళ్లో పెట్టుకున్న ఇంకొకాయన. “కాస్త సర్దుకోండమ్మా” అన్నాడు ఇతను. ఎప్పుడు చేరావు, నీ హోదా ఏమిటి అని ఒక్కళ్లడగలేదు. ఆవిడ బుట్ట కిందకి దించింది, ఆయన మేకపిల్లని అటు మార్చాడు, అరజానెడు చోటు వచ్చింది. ఆ అరజానెడులో సగం పిర్రమీద విశాఖపట్నం దాకా వచ్చాడంట, మధ్యలో వాళ్లు పెట్టిన పులిహోర కూడా తిన్నాడు.

అదర్రా సంగతి. ఏమిటి గవిరీ? మొదటి రెండు విమానాల్లో ఖాళీగా పోయిన ఆ మూడు సీట్లు ఎవరికి రావాల్సినవంటావా? ఇదిగో, నువ్వు అలాగంటావు, నీ పక్కవాడు ఇంకోలాగంటాడు, మనమూ ఇక్కడే కూర్చుంటాం. లేవండి, లేవండి, మీ అమ్మలు పిలుస్తున్నారు. ఇంటికెళ్లి పెద్ద పీట ఎవరిదని దెబ్బలాడుకోకండి, పప్పు చల్లారిపోతుంది.