గోడవతల బండ్లు

పందొమ్మిది వందల డెబ్భై అయిదు, దసరాకి వారం ముందు ఆదివారం. గోవింద్‌పూర్‌లో లారీల ఫేక్టరీ దగ్గర అద్దె ఇళ్ళ వరుస. దర్జీ అసిరయ్య గుమ్మంలో నిలబడ్డాడు. రత్నం తలుపు సగమే తీసింది. అతని మొహంలోకి చూడలేకపోయింది.

"...ఈ ఏడు కొత్త గుడ్డల్లేవని చెప్పేను కదా అసిరయ్యా."

"అందుకు రానేదమ్మా. సెప్పి పోదామని వచ్చేను. ఊరెళ్ళిపోతన్నాం. మిషను అమ్మేసేను."

"అమ్మేసేవా! ఎప్పుడు?"

"నిన్న. దసరా ముందు మిషను ఖాళీగా ఉండటం ఇరవయ్యేళ్ళలో సూళ్ళేదు. మీరు ముందే సెప్పబట్టి ఆ పాటైనా తెమిలేను. మీ పున్నెం."

"నా పున్నెం అనకు."

"ఎందుకనకూడదు? ఈ లైన్లో లారీల ఫేక్టరీ ఉద్యోగం మీ ఇంటి బాబుగారిదొక్కటే. కొనేవోళ్ళు నేక బండ్లు గోడవతల వరసలు కట్టేయి, లేఆఫ్ వత్తాదని మీరే కదా ముందు కనిపెట్టేరు. బాబుగారున్నారా? దండం పెట్టి పోతాను."

"లేరు. డూటీకెళ్ళేరు."

"ఆదివారం డూటీయేటమ్మా?"

"...ఓటీ."

"లేఆఫ్ అన్నకాడ ఓటీ ఏటి?"

"లోపలికి రా. మెల్లిగా. పక్కింటి భద్రమ్మ ఇంటాది... ఆ బండ్లు కొనేవోళ్ళు లేక కాదట అసిరయ్యా. టైర్లు రాక ఆగేయట. చక్రాల్లేకుండా దిమ్మల మీద నిలబెట్టేరు. కేరేజీ ఇవ్వడానికెళ్ళిన నాకు గోడ మీంచి బండ్ల కప్పులే కనబడ్డాయి."

"టైర్లు..."

"వచ్చేసేయి. బండ్లూ వెళ్ళిపోయేయి."

"ఎప్పుడు?"

"...మూడు వారాలయింది."

"మూడు వారాలు! మరి సెప్పలేదేటమ్మా?"

"ఏ మొహంతో చెప్పను? నా మాట మీద లైనంతా గుడ్డలు మానేసింది, పాలు సగం చేసేసింది. బేరాల్లేని మందీ అంటే ఎక్కడో ఢిల్లీలో పుట్టి వత్తాదనుకున్నాను. నా పిల్లలు పస్తుంటారేమోనని భయపడ్డాను గానీ, నీ పిల్లలు... తిట్టు. తిట్టయ్యా."

"తిట్టడానికి నాకు నోరేదమ్మా? మీ మాట మోసుకెళ్ళి బిష్టుపూర్ బట్టల కొట్టు సేటుకి సెప్పింది నేనే. సరుకు తెప్పించకు, ఎవులూ కొనరని. ఆయన ఇద్దరు పనోళ్ళని తీసేసేడు. ఒకడు మా అల్లుడు. ఆ మాట సేటు సెవిలో ఏసినోడు దొరికితే సంపేత్తానని రోజూ నా పక్కనే కూకుని అంటన్నాడు."